మాటల గోడకు పూత

1వ రోజు

నీళ్ళ లారీతో పాటు దాన్ని పంపే బోర్డు కాగితం వచ్చింది. అరవయ్యో రోజు తర్వాత లారీ రాదు. ఊళ్ళో సొంత నీళ్ళు చూపిస్తే ఉండొచ్చు, లేకపోతే వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. మనిషికి రోజుకు ఒక బిందె చొప్పున చూపించాలి. మేం ఇరవై ముగ్గురం.

కుళ్ళాయప్ప మామ పుస్తకాల ఇంటి ముందు నిలబడి కాగితం చదివాడు. లారీ దగ్గర గొట్టం పట్టుకుని అందరికీ నీళ్ళు పోసేది ఆయనే. అందుకని బోర్డు ఆయన్నే ఊరి పెద్దగా రాసుకుంది. రెండో పుటలో తరలింపు సంగతి ఉంది. పది కిలోల సంచి ఎత్తుకుని వంద అడుగులు నడిచిన వాళ్ళు ఉప్పు మళ్ళలో పనికి పోతారు. నడవలేని వాళ్ళు విశ్రాంతి శిబిరానికి పోతారు. పక్క ఊరి నుంచి ఆ శిబిరానికి ఏడుగురు పోయారు. రెండేళ్ళయింది, ఒక్కరి దగ్గర నుంచీ కబురు లేదు.

మా అక్క సుంకమ్మ కుడికాలు పుట్టినప్పటి నుంచీ ఈడుస్తుంది. మాకు ఇంకెవరూ లేరు. ఇద్దరమే.

మూడో పుటలో నీళ్ళు దొరికే చోట్ల పేర్లు వరసగా అచ్చువేశారు. ఏది ఉంటే దాని పక్కన గీత పెట్టాలి. బావి, బోరు, చెరువు, కుంట, ఊట, చెలమ. మొదటి ఐదూ మాకు తెలుసు. ఐదూ మా ఊళ్ళో ఉండేవి, ఐదూ ఎండిపోయాయి. ఆరోది ఏమిటో ఎవరికీ తెలియలేదు.

"ఏదో మిషను పేరై ఉంటాది," అన్నాడు మామ.

"ఏదైతేనేమి మామా. మనం చూడంది అదొక్కటే గదా," అంది అక్క.

2వ రోజు

పెట్టెను అడిగాం. పెట్టె అంటే బోర్డు ఇచ్చిన మాటల పెట్టె. ఏది అడిగినా చెబుతుంది, మనం చెప్పింది బోర్డుకు చేరవేస్తుంది. ముప్పై ఏళ్ళపాటు ఎవరి నోటా రాని మాటను మాత్రం అది తీసేస్తుంది.

"ఈ మాట వాడుకలో లేదు. మీరు చెరువు అనబోయారా?" అంది.

"నీ ముఖం," అంది మాబున్ని. ఆమె మా పక్కింటి ఆమె. అరవై మూడేళ్ళు. భూతద్దం పెట్టుకుని రోజుకు నలభై పుటలు చదువుతుంది.

పెట్టె వచ్చిన ఏడాది దానికి నేర్పడానికని ఊళ్ళో నిఘంటువులన్నీ లారీ ఎక్కించుకుని పోయారట. కథల పుస్తకాలు వద్దన్నారట. అలా మిగిలినవి నాలుగు వందల పన్నెండు, అన్నీ పుస్తకాల ఇంట్లో ఉన్నాయి. మాకు తెలియని మాట వస్తే వాటిలోనే వెతుక్కోవాలి.

మా పద్ధతి ఇది. తెలియని మాట ఉన్న వాక్యాన్ని చీటీ మీద రాసి, పుస్తకం నంబరు వేసి నాకివ్వాలి. మూడు పుస్తకాల్లోని మూడు వాక్యాలు కలిసొస్తే ఆ మాటనూ దాని అర్థాన్నీ లోపలి గోడ మీద బొగ్గుతో రాస్తాం. కవ్వం, పడవ, ఏతం, నాట్లు, అన్నీ మాకు ఆ గోడ మీదే తెలిశాయి. చీటీలు చూసే పని మా అమ్మ నుంచి నాకు వచ్చింది. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా వాడేసిన చీటీల వెనక వైపే. పెట్టెకు చెప్పడం నాకు ఇష్టం లేదు.

మామ పుస్తకాలను ఇరవై ముగ్గురికీ పంచాడు. చదువు రాని నలుగురికి మిగతావాళ్ళు చదివి వినిపించాలి.

6వ రోజు

మొదటి చీటీ మాబున్నిది. అట్ట పోయిన నవల, 88వ నంబరు. "ఆమె సగం వయసు చెలమ దగ్గర కూర్చోవడంతోనే అయిపోయింది."

"కూచునేదంట. అరుగు మాదిరిదేమో," అన్నాడు మామ.

"అరుగులో నీళ్ళు వస్తాయా మామా? ఎవరన్నా వింటే నవ్వుతారు," అన్నాను నేను.

"ఎవరుండారు మే వినేదానికి?" అన్నాడు.

అర్థం దగ్గర "కూర్చునే చోటు" అని పెన్సిలుతో రాసిపెట్టుకున్నాను.

9వ రోజు

రెండో చీటీ. 230వ నంబరు. "చెలమ తోడి బిందె నింపేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది."

నీళ్ళు ఉండేదే అని తేలింది. ఆ పూట ఊళ్ళో అందరూ గట్టిగా మాట్లాడుకున్నారు. అక్క పాత ట్యాంకులోని తేలే బంతిని విప్పదీయించి, రంపంతో రెండు చిప్పలుగా కోసింది. తోడుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అంది. అంచులు గీసుకోకుండా రాయి మీద అరగదీసింది.

గోడ మీద చోటు లేదు. కింది సగం ఉప్పుపట్టి పెచ్చులూడుతోంది. ఈ మాట అన్నిటికంటె పెద్దగా, వాకిట్లోంచి కనిపించేటట్లు రాయాలని మామ అన్నాడు. అందరూ సరేనన్నారు. కొత్తగా పూత వెయ్యాలని అనుకున్నాం.

12వ రోజు

పూతకు ఇసుక కావాలి. ఇసుక దొరికేది ఒక్కచోటే. కూలిపోయిన బ్రిడ్జి కింద, రెండు బండల మధ్య. మిగతా ఏరంతా బంకమన్నూ రాయీ. బ్రిడ్జి కిందికి లారీలు దూరలేవు కాబట్టి అక్కడిది మిగిలింది. మూడు రోజులు గంపలతో మోశాం. ముప్పై ఆరు గంపలు. అక్క మొయ్యలేదు కాబట్టి గంపలు నింపింది.

పైన ఎండుగా ఉన్నా, తవ్వేకొద్దీ ఇసుక తడిగా వచ్చింది. అక్క దాంట్లో చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చుంది.

"చల్లగా ఉండాది మే," అంది.

తడి ఇసుక జల్లెడలో దిగదు. పట్టల మీద పరిచాం, రెండు రోజులు ఎండాలి.

15వ రోజు

పూత అయింది. సున్నం కలపడానికి మూడు బిందెల నీళ్ళు పోయాయి. ఎవరూ కాదనలేదు. మామ చెక్కతో సాపు చేస్తూ, తన తాత ఈ ఏటి మీద ఇసుక ట్రాక్టరు తోలేవాడని చెప్పాడు. రోజుకు పదకొండు ట్రిప్పులట.

"ఎక్కడికి తోలేవాడు?"

"పట్నానికి. ఇండ్లు కట్టేదానికి."

గోడ నున్నగా వచ్చింది. బాగుంది.

17వ రోజు

మూడో చీటీ అక్కది. 19వ నంబరు, పెద్ద కథల పుస్తకం. "నిన్న తీసిన చెలమ తెల్లారేసరికి పూడిపోతే మళ్ళీ తీసుకోవాల్సి వచ్చింది."

మూడు పుస్తకాలు కలిశాయి. గోడ మీద మామ రాశాడు. చెలమ: మనుషులు తవ్వుకునే గుంట. పక్కన కూర్చుని నిదానంగా నీళ్ళు తోడుకుంటారు. పూడితే మళ్ళీ తవ్వుతారు.

"ఇంతేనా? బావే గదా ఇది," అన్నారు ఎవరో.

"బావిని రోజూ తవ్వరు," అంది అక్క. "ఇది చిన్నది. ఒక పూట పనిది."

ఎక్కడ తవ్వాలో మాత్రం ఏ వాక్యంలోనూ లేదు.

20వ రోజు

నాలుగో చీటీ. "ఏట్లో చెలమల దగ్గర ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తున్నాయి."

రేపటి నుంచి ఏట్లో తవ్వుతాం.

28వ రోజు

ఎనిమిది రోజులు తవ్వాం. ఏటి నడుమ ఐదు చోట్ల. పైన బంకమన్ను, కింద రాయి. ఒకచోట రెండు నిలువుల లోతు పోయాం. గడ్డపార వంగిపోయింది. నా అరచేతులు పగిలి పెన్సిలు పట్టుకోవడం కష్టంగా ఉంది.

"నవ్వుతాండ్రి అని రాసినోడు ఎవడో గానీ, వాడు గడ్డపార పట్టుకోలేదు," అన్నాడు మామ.

అక్క పగలంతా చదువుతోంది. సాయంత్రం సంచిలో పుస్తకాలు వేసుకుని ఇంటి ముందు నడుస్తోంది. తొమ్మిది లావు పుస్తకాలైతే పది కిలోలు. మొదటి రోజు ఇరవై ఆరు అడుగులు నడిచింది. ఈ రోజు నలభై. నేను చూడనట్లు లోపల పని చేసుకున్నాను.

34వ రోజు

ఐదో చీటీ, అక్కది. "ఎంత తుడిచినా ఆమె కళ్ళు చెలమల్లా ఊరుతూనే ఉన్నాయి."

"ఏడుపులు మనకెందుకు మే?" అని మామ విసుక్కున్నాడు. తవ్వడం ఆపి నాలుగు రోజులైంది. ఎవరికీ ఓపిక లేదు.

"మామా, జరంత విను. కంట్లో నీళ్ళు పైనుంచి పడవు. లోపలి నుంచి వస్తాయి. తుడిస్తే పోతాయి, మళ్ళా వస్తాయి. చెలమ గూడా అంతే. నీళ్ళ కోసం లోతుకు పోయేది గాదు. కొంచెం తీసి కూచుంటే నీళ్ళే వస్తాయి. మనం రెండు నిలువులు తవ్వినాం. తప్పు చేసినాం," అంది అక్క.

"యాడ తీయాల? రాతిలోనా?"

అక్క మళ్ళీ పుస్తకం తెరిచింది. గోడ మీద "నీళ్ళు అడుగు నుంచి ఊరతాయి" అని ఇంకో వరస చేర్చాం.

41వ రోజు

ఆరో చీటీ. 377వ నంబరు, చిన్న పిల్లల కథల పుస్తకం. ఎలుకలు కొట్టేసిన పుస్తకం అది. అందుకని ఎవరూ తీసుకోలేదు, చివరికి అక్క తీసుకుంది. ఒక తల్లి కూతురికి చెబుతుంది. "తడి ఇసుక చూసి మోచేతి లోతు తియ్యమ్మా, చెలమ పడుతుంది."

అక్క ఆ చీటీ నాకు ఇచ్చింది. నేను రెండుసార్లు చదివి మామకు ఇచ్చాను. మామ చదివి గోడ వైపు చూశాడు. తర్వాత మాబున్ని చదివింది.

ఇసుక అని ఇంతవరకు ఏ పుస్తకంలోనూ రాయలేదు. రాసినవాళ్ళ కాలంలో ఏరు అంటేనే ఇసుక అయ్యుంటుంది. వేరేగా చెప్పాల్సిన పని లేకపోయుంటుంది.

"ఇంకా రెండు పుస్తకాలు చెప్పాల గదా," అన్నారు వెనక నుంచి. అది మా పద్ధతి. మామ ఆ మాట వినిపించుకోకుండా పార తీసుకుని బ్రిడ్జి కిందికి నడిచాడు. అందరం వెనకే పోయాం.

బండల మధ్య చాప పరిచినంత ఇసుక మిగిలి ఉంది. మా గంపలకు అందని మూల అది. మామ చేత్తోనే తీశాడు. మోచేతి లోతుకు చేరేలోగా తడి తగిలింది. ఆపమని అక్క చెప్పింది. గుంట చుట్టూ కూర్చున్నాం. ఎంతసేపో తెలియదు. అడుగున ఇసుక మెరిసింది. తర్వాత ఆ మెరుపు కొంచెం కదిలింది.

అక్క చిప్ప ముంచింది. మొదటి చిప్ప బురద. పారబోసింది. రెండోది తేరుకుంది. మూడో చిప్ప అందరూ తలా ఒక గుక్క తాగారు. లారీ నీళ్ళకు గొట్టం వాసన ఉంటుంది. దీనికి ఏ వాసనా లేదు.

మాబున్ని నవ్వింది. తర్వాత మిగతా ఆడవాళ్ళు కూడా నవ్వారు. ఏట్లో ఆడవాళ్ళ నవ్వులని రాసినది ఇదేనని నాకు అర్థమైంది.

43వ రోజు

పొద్దుట తీసిన చెలమ నుంచి సాయంత్రానికి ఒక బిందె వచ్చింది. మనిషి పక్కన కూర్చోవాల్సిందే. కదిలిస్తే ఇసుక జారి పూడుతుంది. తొందరపడితే బురద వస్తుంది. గుంట గీరకుండా పైపైన తోడుకోవాలి. ఇవన్నీ అక్క కనిపెట్టింది, నేను గోడ మీద రాస్తున్నాను. ఇప్పుడు ఆ మాట కింద పద్నాలుగు వరసలు ఉన్నాయి. ఇంకే మాట కిందా ఇన్ని లేవు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్క అక్కడే కూర్చుంటోంది. మొదటి చీటీలోని ఆమె గుర్తొచ్చింది. సగం వయసు అలా ఎందుకు గడిపిందో తెలిసింది.

ఒక బిందె వచ్చింది. ఇంకా ఇరవై రెండు కావాలి.

46వ రోజు

ముక్కాలు బిందె. ఇసుకను ఇంకొంచెం పక్కకు లాగి రెండో గుంట తీశాం. రెండూ కలిపి ముక్కాలే.

48వ రోజు

ఐదు చిప్పలు.

50వ రోజు

అడుగున తడి ఉంది. నీళ్ళు లేవు. అక్క చీకటి పడే ముందు లేచి వచ్చింది. రేపు ఊరుతుందేమో అంది.

51వ రోజు

ఊరలేదు. ఇసుక కిందంతా బండే. ఎన్నో ఏళ్ళ కింద కురిసిన వానను ఆ ఇసుక దాచిపెట్టుకుంది. ఎంత ఇసుక ఉంటే అన్ని నీళ్ళు. తడిసిన ముప్పై ఆరు గంపల ఇసుకను మేమే పట్టల మీద పరిచి ఎండబెట్టాం. ముందువాళ్ళు ట్రాక్టర్లతో తీసుకుపోయారు, మిగిలింది మేం గంపలతో తీసుకుపోయాం. వాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. మేం గోడ పూసుకున్నాం, దాని మీద చెలమ అని రాసుకున్నాం.

ఆ ఇసుక అక్కడే ఉంటే ఇరవై మూడు బిందెలు వచ్చేవా? కొన్నాళ్ళు వచ్చేవేమో. బోర్డువాళ్ళు చూసి గీత పెట్టుకుని పోయేటంతవరకు వచ్చేవేమో.

సాయంత్రం మామ గడ్డపార తీసుకుని గోడ దగ్గరికి పోయాడు. ఒక్క పోటు పొడిచాడు. పెచ్చు ఊడి కింద పడింది. చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు. సున్నం పట్టిన ఇసుక విడిపోలేదు.

"పెట్టేయ్ మామా," అంది అక్క. "గోడేం చేసింది."

56వ రోజు

అక్క అరవై ఎనిమిది అడుగులు నడిచింది. తర్వాత కూర్చుండిపోయింది. పుస్తకాలను సంచిలోంచి తీసి వాటి చోట్లలో పెట్టింది.

"వాళ్ళ సంచిలో ఏముంటాదో? పుస్తకాలైతే నాకు అలవాటు," అంది.

"ఉప్పు ఉంటుందేమో."

"ఉప్పు బరువు ఏముంటాది లే," అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. పోయి ఎండ పలకలు తుడిచాను. వాటి మీద దుమ్ము పడితే కరెంటు రాక పెట్టె పలకదు. పెట్టెతో పని లేకపోయినా తుడిచాను.

60వ రోజు

రెండు లారీలతో బోర్డు మేడం వచ్చింది. నలభై ఏళ్ళు ఉండొచ్చు. మర్యాదగానే మాట్లాడింది. చేతిలో చిన్న పెట్టె ఉంది. మూడో పుటలోని పేర్లు ఒక్కొక్కటే చదివింది. బావి లేదు, బోరు లేదు, చెరువు లేదు, కుంట లేదు, ఊట లేదు అని మామ చెప్పాడు.

"చెలమ," అంది పెట్టెలోకి.

"ఈ మాట వాడుకలో లేదు," అంది పెట్టె.

మేడం కొంచెం ఇబ్బందిగా చూసింది. "ఈ గడి ఎప్పటి నుంచో ఉంది. ఎవరూ నింపరు. అసలు చెలమంటే ఏమిటో మీకేమైనా తెలుసా?"

అక్క చెప్పింది. తడి ఇసుక ఎలా గుర్తుపట్టాలి, ఎంత లోతు తీయాలి, ఎంతసేపు కూర్చోవాలి, మొదటి చిప్ప ఎందుకు పారబోయాలి, పూడకుండా ఎలా తోడాలి, అన్నీ. పుస్తకంలోది చదివినట్లు కాకుండా చెప్పింది. మేడం చివరిదాకా విన్నది. రాయడానికి చేతిలోకి పెన్ను కూడా తీసుకుంది.

"బాగుందండీ. మరి ఎక్కడుంది?"

మామ పుస్తకాల ఇంట్లోకి వేలు చూపించాడు.

మేడం వాకిట్లో నిలబడి గోడ మీది పద్నాలుగు వరసలూ చదివింది. "రాసింది కాదండీ. నీళ్ళు. నీళ్ళు ఎక్కడున్నాయి?" అంది.

మామ చెయ్యి దించలేదు. గోడనే చూపిస్తూ ఉన్నాడు. ఆమెకు అర్థం కాలేదు. మేం చెప్పలేదు. ఆమె గడిలో "లేదు" అని రాసింది.

సంచిలో ఉప్పు ఉంది. నేను వంద అడుగులు నడిచాను. మాబున్నిని అడగనే లేదు, వయసు చూసి విశ్రాంతి శిబిరానికి పోయే రెండో లారీ వైపు పొమ్మన్నారు. అక్క వంతు వచ్చింది. మేడం పక్కన నడుస్తూ లెక్కపెట్టింది. చేతిలో ఉన్న చిప్ప పెట్టేసి నడవమని చెప్పింది. అక్క పెట్టలేదు. డెబ్బై రెండో అడుగు దగ్గర కాలు మడతపడింది. సంచి విడవకుండానే పడిపోయింది. లేచి మళ్ళీ మొదటి నుంచి నడుస్తానంది. ఒక్కసారే అని మేడం చెప్పింది. ఆ మాట కూడా మర్యాదగానే చెప్పింది.

అక్కను రెండో లారీ ఎక్కించడానికి నేనూ మామా చేతులు వేశాం. మాబున్ని లోపలికి లాగింది. అక్క ఒక చిప్పను తను పెట్టుకుని, రెండోది నాకిచ్చింది.

"ఇసుక కనపడితే చూడు మే. ఉప్పు మళ్ళ దగ్గర ఉంటాదంట," అంది.

"చూస్తా," అన్నాను.

ఇది లారీలో కూర్చుని రాస్తున్నాను. మా లారీ బ్రిడ్జి పక్కగా ఏట్లోకి దిగింది. తీసిన గుంటలు రెండూ బండల మధ్య అట్లే ఉన్నాయి. డ్రైవరు నీడ కోసం అక్కడ కాసేపు ఆపాడు. అక్క వాళ్ళ లారీ వెనకే వస్తుందని చూస్తూ కూర్చున్నాను. అది ఏట్లోకి దిగకుండా పైదారిన పోయింది.